రక్త పరీక్షతో లివర్ ఫైబ్రోసిస్ తేలుతుందా? నా స్కోరు మధ్యలో ఇరుక్కుంది

వేణు_52
మొన్న హెల్త్ చెకప్ చేయించుకున్నా. అల్ట్రాసౌండ్‌లో గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ అని వచ్చింది. పొట్ట ఉంది, షుగర్ బోర్డర్‌లో ఉంది, అది ఊహించిందే. అసలు గొడవ రిపోర్టు ఆఖరి పేజీలో ఉంది. ఎవరూ అడక్కుండానే ల్యాబ్ వాళ్లు "ఫిబ్-4 స్కోరు 1.86, ఇండిటర్మినేట్, అడ్వాన్స్‌డ్ ఫైబ్రోసిస్ లేదని చెప్పలేము" అని ఒక లైను అచ్చేసి పారేశారు. లేదని చెప్పలేరట, ఉందనీ చెప్పరట. మరి ఎందుకు చెప్పినట్టు?

డాక్టర్ గారిని అడిగితే "కంగారేం లేదు, ఇంకో టెస్ట్ చేద్దాం" అని తర్వాతి పేషెంట్‌ని పిలిచారు. వయసు 52. ఎస్‌జీఓటీ 48, ఎస్‌జీపీటీ 61, ప్లేట్‌లెట్లు 1.72 లక్షలు. బిలిరుబిన్, ఆల్బుమిన్ నార్మల్. మందు అలవాటు లేదు. ఫైబ్రోసిస్, అంటే లివర్‌కి మచ్చలు పడ్డాయో లేదో, వట్టి రక్తం చూసి చెప్పగలరా? చెప్పలేకపోతే ఈ నంబరు దేనికి?

అలసిన అల్లుడు
ఆఖరి పేజీ ఎందుకు చదివారు సార్. నేనైతే మొదటి పేజీలో పేరు, వయసు సరిగ్గా పడ్డాయా అని చూసుకుని ఫైల్లో పెట్టేస్తా.

లెక్కల మాస్టారు
లెక్క సరిగ్గానే వేశారు. వయసుని ఏఎస్‌టీతో గుణించాలి, అంటే మీ ఎస్‌జీఓటీతో: 52 × 48 = 2496. దాన్ని ప్లేట్‌లెట్లు ఇంటూ ఏఎల్‌టీ, అంటే మీ ఎస్‌జీపీటీ, వర్గమూలంతో భాగించాలి. 61 వర్గమూలం 7.81, ప్లేట్‌లెట్లు వేలల్లో 172. గుణిస్తే 1343. 2496ని 1343తో భాగిస్తే 1.86.

1.3 కంటే తక్కువైతే ముదిరిన ఫైబ్రోసిస్ ఉండే అవకాశం చాలా తక్కువ. 2.67 దాటితే అనుమానం గట్టిది. మీరు రెండింటి మధ్య ఉన్నారు.

వేణు_52
మాస్టారూ, లెక్క అర్థమైంది. కానీ ఆ నాలుగు అంకెల్లో లివర్ మచ్చ ఎక్కడుంది? వయసు నా ఆధార్ కార్డులో కూడా ఉంది.

రాత్రి డ్యూటీ
మంచి ప్రశ్నే. ఆ నాలుగింటిలో ఒక్కటి కూడా మచ్చని నేరుగా కొలవదు. మచ్చ పడటం వల్ల పక్కన జరిగే మార్పుల్ని పట్టుకుంటాయి.

లివర్ గట్టిపడే కొద్దీ పేగుల నుంచి వచ్చే రక్తం దాని గుండా వెళ్లడం కష్టమవుతుంది. వెనకాల ప్రెషర్ పెరిగి ప్లీహం ఉబ్బుతుంది, ప్లేట్‌లెట్లని తనలో ఆపేసుకుంటుంది. పైగా ప్లేట్‌లెట్లు తయారవ్వాలని ఎముక మజ్జకి చెప్పే థ్రాంబోపోయిటిన్ ఎక్కువగా లివర్లో పుడుతుంది, అదీ తగ్గుతుంది. అందుకే ప్లేట్‌లెట్లు పడిపోతాయి. ఏఎస్‌టీ, ఏఎల్‌టీ రెండూ లివర్ కణం దెబ్బతింటే బయటికొచ్చే ఎంజైములు. మొదట్లో ఏఎల్‌టీది పైచేయి, జబ్బు ముదిరే కొద్దీ ఏఎస్‌టీ దాన్ని దాటేస్తుంది. ఇక వయసు: మచ్చ పేరుకోవడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి.

నేను రెసిడెంట్ డాక్టర్‌ని, లివర్ స్పెషలిస్ట్‌ని కాదు. మీ డాక్టర్ చెప్పిందే ఫైనల్.

కోపధారి
అంటే ఇది ఊహాగానం. స్కోరు పేరుతో జనాన్ని భయపెట్టి ఇంకో నాలుగు టెస్టులు అంటగట్టడమే. లివర్ ఎలా ఉందో తెలియాలంటే లివర్ ముక్క తీసి చూడాలి. బయాప్సీ ఒక్కటే నిజం.

గట్టిపిండం
బయాప్సీ చేయించుకున్నవాడిగా చెప్తున్నా, గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు అన్నా. కుడి పక్కటెముకల మధ్య మత్తు ఇచ్చి, ఊపిరి బిగబట్టమని సూది దించారు. అది రెప్పపాటే. తర్వాత గంటల తరబడి కుడివైపు తిరిగి పడుకోబెట్టి బీపీ చూస్తూ కూర్చున్నారు, బ్లీడింగ్ అవుతుందేమో అని. నాకేం కాలేదు, కుడి భుజంలో నొప్పి మాత్రం రాత్రంతా ఉంది. లివర్లో పొడిస్తే భుజం నొప్పేంటో అప్పుడు తెలిసింది. మచ్చ లేని ఎఫ్0 నుంచి ఎఫ్4 (సిర్రోసిస్, అంటే లివర్ మచ్చలతో పూర్తిగా గట్టిపడటం) దాకా స్టేజీలు ఉంటాయి, నాది ఎఫ్2 అన్నారు.

అవసరమైనవాళ్లకి అవసరమే, కాదనను. అల్ట్రాసౌండ్‌లో కొవ్వు కనపడ్డ ప్రతివాడికీ సూది అంటే ఎలా?

రాత్రి డ్యూటీ
కోపధారి గారూ, బయాప్సీ కూడా "ఒక్కటే నిజం" కాదండీ. సూదిలో వచ్చే తునక మొత్తం లివర్‌లో దాదాపు 50,000వ వంతు. మచ్చ అన్నిచోట్లా ఒకేలా ఉండదు. రెండు సెంటీమీటర్లకి తక్కువ తునక వస్తే స్టేజీ తప్పే అవకాశం పెరుగుతుంది. ఒకే స్లైడు ఇద్దరు పాథాలజిస్టులు చూసి ఒకరు ఎఫ్2, ఇంకొకరు ఎఫ్3 అనడం మామూలే. రక్త స్కోర్లని బయాప్సీతో పోల్చే కదా మంచివో చెడ్డవో తేలుస్తారు. కొలబద్దే కాస్త అటూ ఇటూ ఊగుతుంటే ఏ స్కోరుకైనా నూటికి నూరు మార్కులు రావు.

కోపధారి
సరే, ఒప్పుకున్నా. అయినా మధ్యలో వదిలేసే టెస్టు టెస్టు కాదు.

లెక్కల మాస్టారు
ఇక్కడే అందరూ తడబడతారు. ఊహకి 1000 మందిని తీసుకోండి, అందులో 50 మందికి నిజంగా ముదిరిన ఫైబ్రోసిస్ ఉందనుకోండి. పరీక్ష ఆ 50లో 40 మందిని పట్టిందనుకుందాం. మిగతా 950లో అయిదో వంతుని, అంటే 190 మందిని, ఊరికే అనుమానించిందనుకుందాం. అనుమానితులు మొత్తం 230. వాళ్లలో నిజం 40. అంటే పాజిటివ్ వచ్చినవాళ్లలో ఎక్కువమందికి ఏమీ లేదు!

ఇప్పుడు రెండో వైపు చూడండి. "లేదు" అన్నది 770 మందికి. అందులో జారిపోయింది 10 మంది. మిగతా 760 మంది ఇంటికెళ్లి హాయిగా నిద్రపోవచ్చు. ఇవన్నీ వట్టి ఊహ అంకెలే. కానీ జబ్బు అరుదుగా ఉన్న గుంపులో ఈ స్కోర్లు ఇలాగే ప్రవర్తిస్తాయి. లేదని తేల్చడానికి బాగా పనికొస్తాయి, ఉందని తేల్చడానికి పనికిరావు. వేణు గారి కాగితం మీద ఉన్న లైను నిజానికి నిజాయితీగా రాసిందే, మనిషి భాషలో రాయలేదంతే.

వేణు_52
ఆ 10 మందిలో నేనుంటే?

లెక్కల మాస్టారు
మీకు "లేదు" అని రాలేదుగా సార్. ఆ 10 మందిలో ఉండే ఛాన్స్ మీకు లేదు. మీరు 230లో ఉన్నారు.

అలసిన అల్లుడు
ఓదార్పు అంటే ఇదీ.

ల్యాబ్ బాబాయ్
ఇన్నేళ్లుగా శాంపిళ్లు చూస్తున్నవాడిగా ఒక మాట. స్కోరు గురించి ఆలోచించే ముందు లోపలికి వెళ్లిన అంకెలు సరైనవేనా చూసుకోవాలి. ఏఎస్‌టీ లివర్లోనే కాదు, కండల్లో, గుండెలో, ఎర్ర రక్తకణాల్లో కూడా ఉంటుంది. రక్తం తీసేటప్పుడు కణాలు పగిలి సీరం ఎర్రబడితే ఏఎస్‌టీ ఉత్తినే పెరుగుతుంది. ముందురోజు జిమ్‌లో విరగదీసుకుని వచ్చినవాళ్లకి కూడా అంతే. వైరల్ జ్వరం వచ్చి తగ్గిన కొత్తలో ప్లేట్‌లెట్లు పడి, ఎంజైములు లేచి ఉంటాయి. అప్పుడు స్కోరు వేస్తే ఎంత బాగున్న లివరైనా ముదిరినట్టే కనిపిస్తుంది. వేణు, చెకప్‌కి ముందు జ్వరం గిరం ఏమైనా వచ్చిందా?

వేణు_52
లేదు బాబాయ్. జిమ్ అయితే అసలు లేదు, ఆ అనుమానం అక్కర్లేదు.

జాన్వి_ఆర్
నేనూ ఇప్పుడే ఆన్‌లైన్ కాలిక్యులేటర్‌లో వేసుకున్నా. వయసు 45, ఏఎస్‌టీ 30, ఏఎల్‌టీ 36, ప్లేట్‌లెట్లు 2.5 లక్షలు. 90 వచ్చింది!! 2.67 దాటితేనే డేంజర్ అంటున్నారు కదా, 90 ఏంటి?? చేతులు వణుకుతున్నాయి.

లెక్కల మాస్టారు
జాన్వి గారూ, ప్లేట్‌లెట్ల దగ్గర 2.5 అని కొట్టారు కదా? అక్కడ 250 కొట్టాలి. లీటరుకి ఎన్ని వందల కోట్లు అన్నది దాని యూనిట్. లక్షల్లో ఉన్నదాన్ని 100తో గుణించి వేయండి. మీ స్కోరు 0.9.

జాన్వి_ఆర్
హమ్మయ్య. 0.9. మా ఆయన్ని అప్పుడే లేపి కూర్చోబెట్టాను.

అలసిన అల్లుడు
ఆయన స్కోరు కూడా చూడండి, ఈపాటికి బీపీ పెరిగి ఉంటుంది.

సీరియస్‌గా ఒక డౌట్. మా అత్తగారికి 74. ఏఎస్‌టీ 24, ఏఎల్‌టీ 25, ప్లేట్‌లెట్లు 2 లక్షలు. అన్నీ నార్మల్. స్కోరు 1.78 వచ్చింది. లివర్ విషయం ఆవిడకి చెప్పాలా, లేక నా క్షేమం చూసుకోవాలా?

రాత్రి డ్యూటీ
చెప్పక్కర్లేదు. లెక్కలో వయసు పైన కూర్చుంది కాబట్టి పెద్దవాళ్లకి ఏమీ లేకపోయినా స్కోరు పైకి పోతుంది. అందుకే 65 దాటినవాళ్లకి కింది గీతని 1.3 నుంచి 2.0కి జరిపారు. ఆవిడ దానికి లోపలే ఉన్నారు.

వేణు గారి అంకెలతోనే చూడండి. అదే రక్తం 30 ఏళ్లవాడిదైతే స్కోరు 1.07, భేష్ అంటాం. 70 ఏళ్లవారిదైతే 2.50.

సన్నజాజి
దీనికి రెండో చివర నేనున్నా. నాకు 29. సన్నగానే ఉంటా, షుగర్ మాత్రం ఉంది. ఏఎస్‌టీ 38, ఏఎల్‌టీ 64, ప్లేట్‌లెట్లు 2.4 లక్షలు. ఫిబ్-4 0.57. "సూపర్ అమ్మా, ఏం లేదు" అన్నారు ఒక డాక్టర్. ఎంజైములు నెలలు గడిచినా తగ్గడం లేదని వేరే డాక్టర్ ఫైబ్రోస్కాన్ (లివర్ ఎంత గట్టిపడిందో బయటి నుంచి కొలిచే స్కాన్) చేయిస్తే చివరికి 10.8 వచ్చింది. తర్వాత బయాప్సీలో ఎఫ్3. కాబట్టి "1.3 కంటే తక్కువైతే హాయిగా నిద్రపోండి" అని ఇక్కడ ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది మాస్టారూ.

లెక్కల మాస్టారు
మీ కోపంలో న్యాయముంది. 760 పక్కన ఉన్న ఆ 10 అంటే కాగితం మీద చిన్న అంకె. మనిషికి చిన్నది కాదు.

రాత్రి డ్యూటీ
సన్నజాజి గారిది అందరూ గుర్తుంచుకోవాల్సిన కేసు. 35 ఏళ్ల లోపు వాళ్లలో ఫిబ్-4ని నమ్మొద్దని తెలిసిన విషయమే. వయసు తక్కువ కావడంతో స్కోరు కిందికి లాగేసుకుంటుంది. పైగా భాగించేచోట ఏఎల్‌టీ ఉంది కాబట్టి ఏఎల్‌టీ పెరిగే కొద్దీ స్కోరు ఇంకాస్త తగ్గుతుంది. చిన్న వయసు, షుగర్, ఎంతకీ దిగని ఎంజైములు. ఈ మూడూ కలిస్తే స్కోరు ఎంతున్నా స్కాన్ వైపు వెళ్లాలి.

కోపధారి
పెద్దవాళ్లకి పనిచేయదు, చిన్నవాళ్లకి పనిచేయదు, మధ్యవాళ్లకి మధ్యలో వదిలేస్తుంది. నేను మొదట్లో చెప్పింది కూడా ఇదే కదా?

ల్యాబ్ బాబాయ్
పనిచేయదని ఎవరన్నారు? అందరి రక్తంలోనూ ఎలాగూ చూసే మూడు అంకెలు, పైసా అదనపు ఖర్చు లేకుండా, వందమందిలో ఎవరిని ముందుకు పంపాలో చెప్తున్నాయి. అంతకంటే దాని నెత్తిన ఎక్కువ పెట్టడం మన తప్పు.

అసలు ఈ స్కోరు ఫ్యాటీ లివర్ కోసం పుట్టలేదు కూడా. 2006లో హెచ్‌ఐవీ, హెపటైటిస్ సి రెండూ కలిసి ఉన్నవాళ్ల మీద తయారుచేశారు. అప్పటి గీతలు 1.45, 3.25. ఫ్యాటీ లివర్‌కి వచ్చేసరికి 1.3, 2.67 అయ్యాయి. అంతకుముందే 2003లో హెపటైటిస్ సి వాళ్ల కోసం ఏపీఆర్‌ఐ అని వచ్చింది. అందులో ఏఎస్‌టీ, ప్లేట్‌లెట్లు మాత్రమే ఉంటాయి.

లెక్కల మాస్టారు
వేణు గారి ఏపీఆర్‌ఐ కూడా వేశా. ఏఎస్‌టీ పైగీత 40 అనుకుంటే 48/40 = 1.2. దాన్ని 172తో భాగించి 100తో గుణిస్తే 0.70. దాని గీతలు 0.5, 1.5. అక్కడా మధ్యలోనే.

వేణు_52
ఎక్కడికెళ్లినా మధ్యలోనే నేను.

పద్మజ కె
నాది హెపటైటిస్ సి కథ. మాత్రలు మొదలుపెట్టే ముందు ఫిబ్-4 3.6, సిర్రోసిస్ అని తేలింది. పన్నెండు వారాలు మాత్రలు వాడాక వైరస్ పూర్తిగా పోయింది. ఆ తర్వాత స్కోరు 1.9కి దిగింది. నేను ఎగిరి గంతేసి "లివర్ బాగైపోయిందా" అని అడిగా. డాక్టర్ గారు ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్పారు: వైరస్ పోగానే వాపు తగ్గింది, ఎంజైములు దిగాయి, కాబట్టి స్కోరు దిగింది. మచ్చ అంత తొందరగా కరగదు. కొన్నేళ్లకి కొంత వెనక్కి వెళ్లొచ్చు. వైద్యం ముందు పెట్టుకున్న గీతలతో వైద్యం తర్వాతి అంకెని చదవకూడదు అన్నారు. ఇప్పటికీ ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ తప్పడం లేదు, లివర్ క్యాన్సర్ కోసం. అంకె తగ్గిందని ఎవరూ మానేయకండి.

రాత్రి డ్యూటీ
పద్మజ గారు చెప్పింది చాలామంది చదువుకున్నవాళ్లకి కూడా తెలియదు.

గుంపులో గోవిందం
ఇవన్నీ ఎందుకండీ. లివర్ డీటాక్స్ పొడి ఒకటుంది, పరగడుపున వాడితే ఎంజైములు నార్మల్ అవుతాయి. మా బావమరిది

మోడరేటర్
గోవిందం గారి పోస్టు సగం తీసేశాం. ఇక్కడ మందులు, పొడులు అమ్మకూడదు.

గట్టిపిండం
ఊరూ పేరూ లేని పొడులు మింగి, ఉన్న లివర్ పోగొట్టుకుని వార్డులో చేరేవాళ్లూ ఉన్నారు. ఇంకో సంగతి, ఎంజైములు నార్మల్ అవ్వడం మంచి వార్త అనుకోవద్దు గోవిందం గారూ. నాతోపాటు స్కానింగ్‌కి వచ్చిన ఒకాయనకి ఏఎల్‌టీ 28. లివర్ పూర్తిగా గట్టిపడి ఉంది.

వేణు_52
అదెలా? ఎల్‌ఎఫ్‌టీ (లివర్ ఫంక్షన్ టెస్ట్) నార్మల్ అంటే లివర్ నార్మల్ కాదా?

రాత్రి డ్యూటీ
కాదు. ఎల్‌ఎఫ్‌టీలో ఉండే ఎంజైములు ఇవాళ ఎన్ని కణాలు దెబ్బతింటున్నాయో చెప్తాయి, ఇన్నేళ్లలో ఎంత మచ్చ పేరుకుందో చెప్పవు. ఆల్బుమిన్, ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చూసే పరీక్ష) లివర్ పనితీరుని చూపిస్తాయి కానీ లివర్‌కి నిల్వబలం ఎక్కువ, జబ్బు బాగా ముదిరే దాకా అవి కదలవు. షుగర్, ఊబకాయం ఉన్నవాళ్లకి ఏఎల్‌టీ నార్మల్‌గా ఉన్నా ఫిబ్-4 వేయమని గైడ్‌లైన్స్ చెప్పేది ఇందుకే.

మౌనశ్రోత
ఎప్పుడూ చదివి వెళ్లిపోయేవాణ్ని, ఇవాళ అడుగుతున్నా. మచ్చని నేరుగా కొలిచే రక్త పరీక్షే లేదా? ఈఎల్‌ఎఫ్ అని విన్నా.

ల్యాబ్ బాబాయ్
ఉంది, నేరుగా అనకపోయినా దగ్గరగా. లివర్లో స్టెల్లేట్ కణాలని ఉంటాయి. మామూలుగా విటమిన్ ఎ దాచుకుని ఊరికే కూర్చుంటాయి. లివర్ పదేపదే దెబ్బతింటే ఇవే రూపు మార్చుకుని కొల్లాజెన్ తయారుచేస్తాయి. మచ్చ అంటే అదే. ఆ పని జరుగుతున్నప్పుడు రక్తంలోకి వచ్చేవాటిలో మూడింటిని ఈఎల్‌ఎఫ్ కొలుస్తుంది. ఒకటి హయలురోనిక్ యాసిడ్. రెండోది పీఐఐఐఎన్‌పీ, కొల్లాజెన్ తయారయ్యేటప్పుడు కత్తిరించి పడేసే కొస. మూడోది టింప్-1, కొల్లాజెన్‌ని కరిగించే ఎంజైములకి అడ్డుపడేది. మూడూ కలిపి ఒక స్కోరు. 7.7 కంటే తక్కువైతే ఇబ్బంది లేదు, 9.8 దాటితే ముదిరిన ఫైబ్రోసిస్ అనుమానం, 11.3 దాటితే సిర్రోసిస్ వైపు. బ్రిటన్‌లో వైద్య గైడ్‌లైన్స్ రాసే నైస్ వాళ్లు 2016లో ఫ్యాటీ లివర్‌కి 10.51 గీత పెట్టారు. అమెరికాలో ఎఫ్‌డీఏ 2021లో అనుమతించింది, అది కూడా జబ్బు ముందుముందు ఎలా నడుస్తుందో అంచనా వేయడానికి.

అన్ని ల్యాబుల్లో దొరకదు. ఇంకో చిక్కు, కొల్లాజెన్ లివర్ సొత్తు కాదు. ఊపిరితిత్తుల్లో మచ్చలున్నా, కీళ్ల జబ్బులున్నా ఈ మూడు కదలొచ్చు. వయసుతో కూడా పెరుగుతుంది. తిన్న వెంటనే హయలురోనిక్ యాసిడ్ పెరుగుతుంది.

మౌనశ్రోత
థాంక్స్ బాబాయ్. మాకు ఫైబ్రోటెస్ట్ అని ఇంకేదో రాశారు, అదీ ఇదేనా?

ల్యాబ్ బాబాయ్
కాదు. అది ఫ్రాన్స్‌లో 2001లో వచ్చింది. ఆల్ఫా-2-మాక్రోగ్లోబులిన్, హాప్టోగ్లోబిన్, అపోలిపోప్రొటీన్ ఎ1, జీజీటీ, బిలిరుబిన్, వాటికి వయసు, ఆడా మగా కలిపి ఫార్ములా. మీకు పుట్టుకతో బిలిరుబిన్ ఎక్కువుండే గిల్బర్ట్ సిండ్రోమ్ ఉంటే ముందే చెప్పండి, స్కోరు అబద్ధంగా పైకి పోతుంది. ఎర్రకణాలు పగిలే జబ్బులున్నా అంతే, హాప్టోగ్లోబిన్ పడిపోతుంది.

మౌనశ్రోత
నాకు గిల్బర్ట్ ఉంది!! చిన్నప్పటి నుంచి కళ్లు కాస్త పచ్చగా ఉంటాయి. స్కోరు 0.61 చూసి వారం నుంచి అన్నం సయించడం లేదు. ఎవరూ ఈ మాట అడగలేదు.

రాత్రి డ్యూటీ
డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్ బిలిరుబిన్ విడివిడిగా ఉన్న రిపోర్ట్ తీసుకెళ్లి ఇదే చెప్పండి. స్కాన్‌తో సరిచూస్తారు. గిల్బర్ట్ ఉందని మిగతాది కొట్టిపారేయొద్దు, రెండూ ఉండొచ్చు.

వేణు_52
అప్‌డేట్. ఫైబ్రోస్కాన్ అయింది. నాలుగు గంటలు ఏమీ తినకుండా రమ్మన్నారు. వెల్లకిలా పడుకోబెట్టి కుడి చెయ్యి తల కింద పెట్టమన్నారు. పక్కటెముకల మధ్య జెల్ రాసి, పెన్నులాంటి ప్రోబ్‌తో టక్ టక్‌మని పది సార్లు కొట్టారు. నొప్పి లేదు, ఎవరో వేలితో తట్టినట్టుంది. స్టిఫ్‌నెస్, అంటే గట్టిదనం, 6.4 కేపీఏ. ఐక్యూఆర్, అంటే రీడింగుల మధ్య తేడా, 14 శాతం. క్యాప్ 301. డాక్టర్ గారు ఈసారి కూర్చోమన్నారు, పూర్తిగా మాట్లాడారు. 8 లోపు ఉంటే ముదిరిన ఫైబ్రోసిస్ లేదనే అనుకోవచ్చట. క్యాప్ మాత్రం కొవ్వు బాగా ఉందని చెప్తోంది.

గట్టిపిండం
అభినందనలు. ఐక్యూఆర్ కూడా చెప్పారు చూశారా, అది 30 శాతం దాటితే ఆ రీడింగ్ నమ్మకూడదు. చాలామంది కేపీఏ ఒక్కటే చూసి పండగ చేసుకుంటారు.

కోపధారి
చూశారా, చివరికి స్కానే కావాల్సొచ్చింది. రక్తం దండగ.

సన్నజాజి
కోపధారి అన్నా, స్కాన్‌కి కూడా వంకలున్నాయి. నాకు మొదటిసారి ఏఎల్‌టీ బాగా పెరిగి ఉన్నప్పుడు చేస్తే 14 చూపించింది. తగ్గాక చేస్తే 10.8. వాపు ఉన్నా గట్టిగానే కనిపిస్తుంది, గుండె బలహీనపడి లివర్లో రక్తం నిలిచినా, అన్నం తిని వెళ్లినా పెరుగుతుంది. అందుకే ఒకటి రక్తానిది, ఒకటి స్కాన్‌ది, రెండు వేరువేరు దారుల్లో చూసి, రెండూ ఒకే మాట చెప్తే బయాప్సీ దాకా వెళ్లనక్కర్లేదంటారు. నాకు రెండూ తగువులాడాయి కాబట్టే సూది తప్పలేదు.

కోపధారి
సరే తల్లీ. నీ కేసు ముందు నేను నోరెత్తను.

వేణు_52
మందులేమైనా ఉన్నాయా అని అడిగితే నాకు అవసరం లేదన్నారు. రెస్మెటిరోమ్ అని 2024లో అమెరికాలో అనుమతి వచ్చిందట, అది ఎఫ్2, ఎఫ్3 వాళ్లకి. నాకు చెప్పింది ఒక్కటే, బరువు. పదో వంతు తగ్గితే కొవ్వే కాదు, ఉన్న మచ్చ కూడా కొందరిలో వెనక్కి వెళ్లిందట, బయాప్సీల్లో చూశారట. మళ్లీ ఫిబ్-4 ఎప్పుడు వేయించుకోవాలో అడగడం మర్చిపోయా.

రాత్రి డ్యూటీ
షుగర్, బోర్డర్ షుగర్ ఉన్నవాళ్లకి ఏడాది, రెండేళ్లకోసారి అంటారు. ప్రతి నెలా వేయించుకుని ఇక్కడ పెట్టకండి. 1.86 ఒకసారి 1.7 అవుతుంది, ఒకసారి 2 అవుతుంది, దానికి అర్థమేమీ ఉండదు.

అలసిన అల్లుడు
పదో వంతు బరువంటే నేను మా అత్తగారింటికి వెళ్లడం మానేయాలి.

శ్రీను_కొత్త
లేటుగా వచ్చా, క్షమించాలి. వయసు 47, ఏఎస్‌టీ 34, ఏఎల్‌టీ 36, ప్లేట్‌లెట్లు 62 వేలు. ఫిబ్-4 4.3 వచ్చింది. అల్ట్రాసౌండ్‌లో లివర్, ప్లీహం రెండూ నార్మల్. దెబ్బలు తగిలినా రక్తం మామూలుగానే ఆగుతుంది. ఒకరు సిర్రోసిస్ అంటున్నారు, ఇంకొకరు హెమటాలజీకి, అంటే రక్త జబ్బుల డాక్టర్ దగ్గరికి, వెళ్లమన్నారు.

ల్యాబ్ బాబాయ్
శ్రీను, ఆగు. మిగతావన్నీ బాగుండి ప్లేట్‌లెట్లు ఒక్కటే అంత తక్కువా? రిపోర్టులో "క్లంప్స్" అని ఎక్కడైనా రాసిందా? కొందరి రక్తం ఊదా మూత ట్యూబ్‌లో ఉండే ఈడీటీఏ తగిలితే ప్లేట్‌లెట్లు ముద్దకడతాయి. మెషిన్ ఆ ముద్దని ప్లేట్‌లెట్ల కింద లెక్కపెట్టదు. నీలం మూత ట్యూబ్‌లో, అంటే సిట్రేట్‌లో, మళ్లీ తీయించు. స్మియర్, అంటే గాజు పలక మీద పూసిన రక్తం, మైక్రోస్కోప్‌లో కళ్లతో చూడమను. అంకె తక్కువే అని తేలితే మాత్రం ఒక్క రోజు కూడా ఆలస్యం చెయ్యకు.

శ్రీను_కొత్త
నిజమే బాబాయ్, మూల చిన్న అక్షరాల్లో "ప్లేట్‌లెట్ క్లంప్స్ సీన్" అని ఉంది. ఎవరూ చూడలేదు. రేపు నీలం మూతతో ఇస్తా.

శ్రీను_కొత్త
వచ్చింది. 2.10 లక్షలు.

ల్యాబ్ బాబాయ్
సిట్రేట్ ద్రవం కలిసి రక్తం పలచబడుతుంది కాబట్టి 1.1తో గుణించాలి. ఆ 2.10 గుణించాకా, ముందా?

శ్రీను_కొత్త
గుణించాకే, రిపోర్టులోనే రాశారు. స్కోరు 1.27 అవుతోంది. హెమటాలజీ అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ చేయనా?

రాత్రి డ్యూటీ
పంపించిన డాక్టర్‌కి రెండు రిపోర్టులూ చూపించు, క్యాన్సిల్ చేసే మాట ఆయన్ని చెప్పనీ. ఇకపై ఎక్కడ రక్తం ఇచ్చినా ఈడీటీఏ సంగతి ముందే చెప్పు.